గిటార్ గుయ్యిమంటే ముందు ఎక్స్‌టెన్షన్ బోర్డు విప్పి చూడండి



ఆగస్టు 9 ప్రోగ్రాం అయిపోయినప్పటి నుంచి కనీసం పదిమంది అడిగారు. రిహార్సల్ వీడియోలో నా గిటార్ వెనకాల గుయ్యిమని ఒకటే మోత ఉండె కదా, స్టేజీ మీద అది ఎట్ల పోయింది, కొత్త గిటార్ కొన్నవా అని. కొత్తది కొనలేదు. అదే గిటార్, అదే చిన్న ఆంప్. మోత ఎట్ల పోయిందో చెప్తా. మన పిల్లలు చాలామంది ఇప్పుడు గిటార్లు, కీబోర్డులు పట్టుకుంటున్నరు కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తున్నా. గిటార్ లేనోళ్లు కూడా చివరిదాకా చదవండి. ఎక్స్‌టెన్షన్ బోర్డు లేని రూం మన హాస్టళ్లలో ఒక్కటి కూడా లేదు కదా.

గిటార్ నాకు జూన్‌లో దొరికింది. తార్నాకలో రూం ఖాళీ చేసి బెంగళూరు పోతున్న ఒకాయన దగ్గర 4,500కి, చిన్న ఆంప్‌తో కలిపి. స్కాలర్‌షిప్ పైసలల్ల నుంచి తీసి ఇచ్చిన. ఇంట్లో చెప్పినప్పుడు అమ్మ అడిగిన మొదటి మాట, "దానికి కరెంటు పెట్టాల్నా?" అని. పెట్టాలమ్మా అన్న. ఇంకేం మాట్లాడలేదు. ఎందుకు మాట్లాడలేదో నాకు తెలుసు, అది తర్వాత చెప్తా.

మొదటి రాత్రి ప్లగ్గు పెట్టి ఆన్ చేస్తే గిటార్ కంటే ముందు మోత వచ్చింది. తుమ్మెదల తుట్టె దగ్గర చెవి పెట్టినట్టు. అప్పుడు ఇంకా తార్నాకలో మెట్రో లైన్ పక్కన దోస్తు రూంలోనే ఉన్నా. మెట్రో మీద తీగల్లో 25 వేల వోల్టులు పోతయి, దాని వల్లనే అని వాడు గట్టిగా చెప్పిండు. నేను కూడా నమ్మిన. మెట్రో ఆగిపోయే దాకా మేలుకొని రాత్రి పన్నెండున్నరకు మళ్లీ ఆన్ చేసి చూసినం. అదే మోత, ఒక పిసరు కూడా తగ్గలే. క్యాంపస్‌లో మా హాస్టల్‌కు తెచ్చినంక కూడా అంతే. పాపం మెట్రోను ఊరికే అన్నం.

ఈ మోత ఎక్కడిదో అర్థం చేయించింది పక్క హాస్టల్ ఇంజనీరింగ్ అన్న. నాది ఎకనామిక్స్, కరెంటు గురించి టెన్త్‌లో చదివిందే. అన్న చెప్పింది నాకు అర్థమైనంత వరకు రాస్తా. గిటార్ తీగల కింద ఉండే పికప్ అంటే అయస్కాంతం చుట్టూ వెంట్రుక లాంటి సన్నటి రాగి తీగ. ఏడెనిమిది వేల చుట్లు ఉంటది. స్టీలు తీగ ఊగితే అయస్కాంత క్షేత్రం ఊగుతది, రాగి చుట్టలో చిన్న కరెంటు పుడతది, ఆంప్ దాన్ని పెద్దది చేస్తది. అంతవరకు మంచిదే. కానీ ఆ చుట్టకు ఇది గిటార్ తీగ, అది ట్రాన్స్‌ఫార్మర్ అని తేడా తెల్వదు. గోడలో కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ తిరుగుతది. ఆ 50ని, దాని రెట్టింపు 100ని కూడా పికప్ పట్టుకుంటది. చుట్టుపక్కల ఏం ఉంటే అది వినుడే దాని పని.

నమ్మకపోతే ఇట్ల చేయండి. లావు ఈ తీగ మీద మూడో ఫ్రెట్ నొక్కి మీటండి. అది జీ స్వరం, సెకనుకు 98 ఊపులు. మోత 100. రెండూ కలిసినప్పుడు శబ్దం సెకనుకు రెండుసార్లు పెరిగి తగ్గినట్టు, వావ్ వావ్ అని ఊగుతది. నేను మొదట ట్యూనింగ్ తప్పింది అనుకొని అరగంట తిప్పిన. అమెరికాలో కరెంటు 60 కాబట్టి అక్కడి మోత వేరే స్వరంలో ఉంటదట. మన మోత మన దేశపు స్వరంలో ఉందన్నమాట!

మోతలు కూడా రెండు రకాలు. ఇది తెలిసేదాకా నేను రెంటినీ కలిపి తిట్టిన. లావుగా, మెత్తగా గుయ్యిమనేది హమ్. అది ట్రాన్స్‌ఫార్మర్లు, పాత ట్యూబ్‌లైట్ చోక్‌ల అయస్కాంత క్షేత్రం నుంచి వస్తది. గిటార్ పట్టుకొని కుర్చీలో గుండ్రంగా తిరిగితే ఒక దిక్కుకు అది సగానికి సగం తగ్గుతది. మా రూంలో నేను కిటికీ వైపు తిరిగి కూసుంటే తక్కువ. రెండోది బజ్, జిర్‌జిర్ అని గీకినట్టు ఉంటది. దానికి మా రూంలో దొంగ ఫ్యాన్ రెగ్యులేటర్. ఇప్పుడొచ్చే ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ కరెంటు అలను ముక్కలుగా కోసి ఫ్యాన్ వేగం తగ్గిస్తది. ఆ కోసిన అంచులే జిర్‌మంటయి. మూడు మీద పెడితే ఘోరం, ఫుల్ పెడితే చాలా తక్కువ, బంద్ చేస్తే లేదు. జూన్‌లో ఫ్యాన్ బంద్ చేసి ప్రాక్టీస్ చేస్తే నా రూంమేట్లు నన్ను ఏం అన్నరో ఇక్కడ రాయలేను.

అన్న నేర్పిన పరీక్ష ఒకటి ఉంది, పైసా ఖర్చు లేదు. ఆంప్ ఆన్‌లో పెట్టి తీగలను చేత్తో తాకి వదలాలి. తాకంగానే బజ్ తగ్గితే గిటార్ లోపలి వైరింగ్ మామూలుగానే ఉన్నట్టు, షీల్డింగ్ మాత్రం తక్కువున్నట్టు. తాకితే పెరిగితే జాక్ దగ్గర రెండు వైర్లు అటూ ఇటూ మారినయేమో చూడాలి. తాకినా తాకకున్నా ఏం మారకపోతే తీగలకు పోవాల్సిన గ్రౌండ్ వైరు తెగింది. మన ఒళ్లు కూడా ఒక యాంటెనా, గది నిండా ఉన్న కరెంటు ఛాయను పట్టి గిటార్‌కు అందిస్తది. తీగలు గ్రౌండ్‌కు కలిసి ఉంటే, వాటిని తాకంగానే మన ఒళ్లు కూడా గ్రౌండ్ అయి చప్పబడతది. (అయితే తిమ్మిరి, చురుక్కుమనుడు ఏమైనా ఉంటే ఈ పరీక్ష వద్దు, వెంటనే ప్లగ్గు పీకండి. ఎందుకో కింద ఉంది.)

నాదాంట్లో తాకినా ఏం మారలే. వెనక ప్లాస్టిక్ మూత విప్పితే స్ప్రింగులు, వాటిని పట్టుకునే ఇనుప ముక్క, దాని పక్కన గాలికి వేలాడుతున్న నల్ల వైరు. ఎన్నేళ్ల నుంచి తెగి ఉందో.

కోఠి పోయిన. తార్నాకలో బస్సెక్కి, గుజరాతీ గల్లీలో 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, లెడ్, చిన్న మల్టీమీటర్, రాగి టేపు కొన్న. అన్నీ కలిపి 900 దాటింది, ఆ నెల మెస్ బయట తిన్నది ఏం లేదు. వైరు అతికించుడు ఐదు నిమిషాల పని అనుకున్న, రెండు సాయంత్రాలు పట్టింది. ఆ ఇనుప ముక్క పెద్దది, వేడిని గుంజుకుంటది, 25 వాట్లకు లెడ్ గోలీ లాగ నిలిచి ఊడిపోతది. గరుకు కాగితంతో రుద్ది, మెరుపు వచ్చినంక అన్న దగ్గర 60 వాట్లది తెచ్చి పెడితే పట్టింది. తర్వాత మల్టీమీటర్‌ను బీప్ మీద పెట్టి ఒక ముల్లు బ్రిడ్జికి, ఇంకోటి జాక్ బయటి అంచుకు తాకిస్తే బీప్ వచ్చింది. ఆ బీప్ విన్నప్పుడు ఎంసెట్ ర్యాంకు వచ్చినోడి లెక్క ఎగిరిన.

తర్వాత లోపలి గుంతలన్నిటికీ రాగి టేపు అంటించి, ముక్కకు ముక్కకు లెడ్‌తో కలిపి, అంతా గ్రౌండ్‌కు కలిపిన. టేపు జిగురు మీద నమ్మకం పెట్టుకోవద్దు, అది ఒక్కోసారి కరెంటు పోనియ్యదు. అన్నీ బిగించి ఆన్ చేస్తే మోత మొత్తం పోయింది! గిటార్ సౌండు కూడా పోయింది. జాక్‌లో సిగ్నల్ వచ్చే నాలుక రాగి టేపుకు తాకుతుంది. అక్కడ ఇన్సులేషన్ టేపు ముక్క వేసినంక మళ్లీ పలికింది. బజ్ సగం కంటే ఎక్కువ తగ్గింది. హమ్ మాత్రం తగ్గలేదు, ఎందుకంటే రాగి రేకు అయస్కాంత హమ్‌ను ఆపదు. చాలామంది రేకు వేసి, ఏం కాలే అని తిడతరు. అది ఆపేది బజ్‌ను.

ఇక్కడికి నా గిటార్ బాగైంది. కానీ మోత పోలే. నాకు అప్పుడే బుద్ధి రావాల్సింది, రాలే. గిటార్ వాల్యూం సున్నా చేసినా సగం మోత అట్లనే ఉంది. వాల్యూం సున్నా అంటే పికప్ నోరు మూసినట్టే. అయినా మోత ఉంటే అది గిటార్‌ది కాదు, కేబుల్‌ది, ఆంప్‌ది, లేదా కరెంటుది. రెండు వారాలు నేను గిటార్ కడుపు కోస్తూ కూసున్న.

జూలై ఆఖరులో రిహార్సల్. మన పాట మొదలయ్యేది కిక్రితో. వాయించే అన్న ప్రధాన్ ఇంటి పిల్లగాడు, తాత దగ్గర నేర్చుకున్నడు. మొదటి నిమిషం కిక్రి ఒక్కటే, ఆ తర్వాత డోలు, ఆఖరుకు నేను. కిక్రి గొంతు చిన్నది. మైకు పెట్టినా మెత్తగనే వస్తది. దాని కింద నా ఆంప్ గుయ్యిమని కూసుంది. అన్న రెండుసార్లు వాయించి ఆపి, నా వైపు చూసి, "తమ్మీ, జర నీ దాన్ని బంద్ చెయ్యరాదా" అన్నడు. కోపంగా కాదు. నాకు మాత్రం తల తీసేసినట్టయింది. వాళ్ల తాతల నుంచి ఏ కరెంటూ లేకుండా వచ్చిన శబ్దం మీద నేను 4,500 పెట్టి తెచ్చిన మోత.

అదే రోజు ఇంకోటి జరిగింది. కోరస్ కోసం మైకు దగ్గరికి పోయిన, చేయి తీగల మీదనే ఉంది. పెదవి మైకుకు తాకంగానే చురుక్కుమంది. చీమ కుట్టినట్టు, అంతే. మళ్లీ తాకితే మళ్లీ. నవ్వుకున్నం. నాతో వాయించే దోస్తు, మంచోడే, యూట్యూబ్‌లో చూసిన అని, "ఆంప్ ప్లగ్గుకు లావు పిన్ను తీసెయ్. ఎర్త్ పోతే మోత పోతది, షాక్ కూడా రాదు" అన్నడు. వాని బ్యాగులో రెండు పిన్నుల అడాప్టర్ కూడా ఉంది.

ఇక్కడ నేను మా పెద్దమ్మ గురించి చెప్పాలి. నేను ఏడో తరగతి, ఆశ్రమ పాఠశాల నుంచి వర్షాకాలం సెలవుకు ఇంటికి వచ్చిన. మా ఊర్లో దండెం అంటే ఇనుప తీగ, ఇంటి దూలం నుంచి గుంజకు కడతరు. ఇంట్లోకి వచ్చే సర్వీసు వైరు దాన్ని ఒరుసుకొని పోయేది, ఎక్కడో తోలు లేచింది. పెద్దమ్మ తడి బట్టలు ఆరేయబోయింది. నేను చూడలేదు, అరుపు విన్న. ఇంతకంటే రాయను. మీలో చాలామంది ఇండ్లల్ల ఇట్లాంటిది ఒకటి ఉండే ఉంటది. పేపర్‌లో రెండు లైన్లు వస్తది, విద్యుదాఘాతంతో మహిళ మృతి అని.

అందుకే అమ్మ ఆ మాట అడిగింది. అందుకే దోస్తు పిన్ను తీసెయ్ అన్నప్పుడు నా చేయి తీగల మీద నుంచి దానంతట అదే లేచింది. ఆరు స్టీలు తీగలు, వాటి మీద చెమట చేయి. నేను స్వయంగా రెండు సాయంత్రాలు కూసొని ఆ తీగలను ఆంప్ ఇనుప డబ్బాకు కలిపి వచ్చిన. ఆ వైరు నా చేతిని భూమికి కలపాలి. అటు చివర భూమి లేకపోతే అది నా చేతిని ఆంప్‌లో ఏం ఉంటే దానికి కలుపుతది. లోపల ఫేజ్ వైరు ఊడి డబ్బాకు తాకిందనుకోండి, ఎర్త్ ఉంటే కరెంటు అటు గుంజుకపోయి ఫ్యూజు కొడతది. లేకుంటే గిటార్ తీగల్లోకి వస్తది, నేను మైకు తాకే దాకా ఎదురు చూస్తది.

ఇది భయపెట్టుడు కాదు. 1972 మే 3న స్వాన్సీలో, స్టోన్ ది క్రోస్ బ్యాండు గిటారిస్టు లెస్ హార్వీ స్టేజీ మీద ఎర్త్ సరిగా లేని మైకును తాకి చనిపోయిండు. 1976లో యార్డ్‌బర్డ్స్ సింగర్ కీత్ రెల్ఫ్ ఇంట్లో గిటార్ వాయిస్తూ పోయిండు, అదీ ఎర్తింగ్ సరిగా లేకనే. పెద్ద పెద్ద బ్యాండులోళ్లు.

దోస్తు నేను వద్దనేలోపే అడాప్టర్ పెట్టి ఆన్ చేసిండు. నేను గిటార్ పక్కన పెట్టి దూరంగ నిలబడ్డ. మోత ఏం మారలే. ఒక్క పిసరు కూడా. పిన్ను ఉన్నా అంతే, లేకున్నా అంతే. ఇద్దరం మొఖాలు చూసుకున్నం. అప్పుడు తట్టింది, తీసేద్దామనుకున్న పిన్ను అప్పటికే ఎక్కడికీ పోతలేదు.

మైకుల మిక్సర్ గోడ సాకెట్‌లో ఉంది. నా ఆంప్ మాత్రం రూం నుంచి తెచ్చిన మా ఎక్స్‌టెన్షన్ బోర్డులో ఉంది. దాన్ని గోడ నుంచి పీకి, నాలుగు స్క్రూలు విప్పినం. పైన చూస్తే మూడు రంధ్రాల సాకెట్లు నాలుగు. లోపల చూస్తే వచ్చిన వైర్లు రెండే. ఎర్ర, నల్ల. ఎర్త్ పిన్నుల వెనక స్క్రూలు కొత్తగా మెరుస్తున్నయి, ఒక్క వైరు కూడా ఎన్నడూ తాకలే. అటు చివర ప్లగ్గుకు మాత్రం మూడు పిన్నులు ఉన్నయి, చూసినోళ్లకు అనుమానం రాకుండా! ఈ బోర్డు మా రూంకు పాత బ్యాచ్ వాళ్లు వదిలిపోయింది. వాళ్లకు వాళ్ల సీనియర్లు ఇచ్చిన్రట. ఎవరో తక్కువలో అయితదని రెండు కోర్‌ల వైరుతో కట్టిన్రు. ఎవర్ని అనాలె. ఆ బోర్డు మీద మేం ఏమేం వండుకున్నమో కూడా రాయలేను, వార్డెన్ సార్ గ్రూపులో ఉంటే మాఫీ చేయండి.

మైకు దగ్గర చురుక్కు కూడా అప్పుడే అర్థమైంది. మిక్సర్‌కు భూమి ఉంది, నా ఆంప్‌కు లేదు. ఆంప్ డబ్బాలో పేరుకున్న కొంచెం కరెంటు నా చేతి నుంచి, పెదవి నుంచి మైకుకు పోయి భూమిని వెతుక్కుంది. రెండు పిన్నుల లాప్‌టాప్ చార్జర్ పెట్టినప్పుడు లాప్‌టాప్ ఇనుప బాడీ మీద చేయి పెడితే జివ్వుమంటది కదా, దాదాపు అదే సంగతి. చిన్నది కాబట్టి చీమ. పెద్దదైతే చీమ కాదు.

క్యాంపస్ ఎలక్ట్రీషియన్ అన్నను బతిమాలి చూపిస్తే గోడ సాకెట్‌లో ఎర్త్ మంచిగనే ఉంది. ఫేజ్‌కు న్యూట్రల్‌కు మధ్య 230 చిల్లర వోల్టులు, ఫేజ్‌కు ఎర్త్‌కు మధ్య కూడా దాదాపు అంతే, న్యూట్రల్‌కు ఎర్త్‌కు మధ్య రెండు లోపల. ఉండాల్సింది ఇట్లనే అన్నడు. ఆయన ఇంకో మాట చెప్పిండు, నేను ఎన్నడూ గమనించలే. ప్లగ్గులో లావు పిన్ను మిగతా రెంటి కంటే పొడుగు. పెట్టేటప్పుడు భూమి ముందు కలవాలి, పీకేటప్పుడు ఆఖరున విడవాలి. ఇన్నేండ్ల నుంచి చేతిల పట్టుకుంటున్న వస్తువు. మూడు కోర్‌ల వైరు తెచ్చి, ఆకుపచ్చది ఎర్త్ స్క్రూలకు బిగించి, ఆయనే మళ్లీ చెక్ చేసి ఇచ్చిండు. టీ తప్ప ఏం తీసుకోలే.

ప్లగ్గు పెట్టి ఆన్ చేసిన. వాల్యూం సున్నా మీద సన్నటి సుయ్ తప్ప ఏం లేదు. ఆంప్ ఆన్ అయిందా లేదా అని లైటు చూసుకున్న. మూడు వారాలకు మొదటిసారి కిటికీ బయట చెట్టు మీద పిట్టలు వినబడ్డయి.

స్టేజీ రోజు ఇంకొక జాగ్రత్త తీసుకున్నం. ఆంప్, మిక్సర్ రెండూ ఒకే చోటి నుంచి కరెంటు తీసుకునేటట్టు పెట్టినం. వేర్వేరు చోట్ల పెట్టి మధ్యలో ఆడియో కేబుల్ కలిపితే, భూమికి రెండు దారులు అయి అవి ఒక ఉంగరం లెక్క తయారవుతయి. దాంట్లో కూడా 50 మోత పుడతది, దాన్నే గ్రౌండ్ లూప్ అంటరు. చాలామంది ఎర్త్ పిన్ను కోసేది దీనికి భయపడే. మోత నిజంగానే పోతది, అందుకే ఆ సలహా ఇంకా బతికుంది. కోయాల్సింది కరెంటు ఎర్త్ కాదు. డీఐ బాక్సు అని ఒకటి ఉంటది, దాని మీద గ్రౌండ్ లిఫ్ట్ అనే స్విచ్చు ఆడియో కేబుల్ వైపు మాత్రమే దారి తెంపుతది. సౌండు సిస్టం వాళ్లను అడిగితే ఇస్తరు.

ఇంత చేసినా పికప్ హమ్ కొంచెం మిగిలే ఉంది, సింగిల్ కాయిల్ గిటార్లకు అది పుట్టుకతో వచ్చిందే. 1955లో గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ అనే ఇంజనీరు రెండు చుట్టలను ఒకదానికొకటి ఉల్టా పెట్టి పేటెంట్‌కు వేసిండు. బయటి మోత రెండిట్లోకీ వస్తది, ఎదురెదురై కొట్టుకుపోతది, తీగ శబ్దం మాత్రం కలిసి పెరుగుతది. అదే హంబకర్. నాది అది కాదు. కానీ నాదాంట్లో నడిమి పికప్ ఉల్టా చుట్టింది, కాబట్టి సెలెక్టర్ రెండో, నాలుగో చోట పెడితే రెండు పికప్‌లు కలిసి అదే పని చేస్తయి. అన్ని గిటార్లలో అట్ల ఉండదు, మీదాంట్లో తిప్పి చూసుకోండి.

ఇగ అడిగిన ప్రశ్నకు జవాబు. కిక్రి ఒక్కటే వచ్చే ఆ నిమిషం నేను నాలుగో చోట పెట్టి వాల్యూం సున్నా చేసి చేతులు కట్టుకొని నిలబడ్డ. అంతే. ముందు రోజుల్లో సున్నా చేసినా మోత ఉండేది, ఆ రోజు లేదు. అన్న వాయించినంత సేపు హాల్లో కిక్రి తప్ప ఏం వినబడలే. దిగినంక నా భుజం మీద ఒకటి చరిచిండు, మాట ఏం అనలేదు.

ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసి అమ్మను అడిగిన, మన దండెం ఇప్పుడు ఏందమ్మా అని. తీగనే అన్నది. పెద్దమ్మ వాళ్లింట్లో తీసేసిన్రు గని మన ఇంట్లో అదే ఉంది, ఇన్నేండ్లు ఎవరికీ తోచలే. నాకు కూడా. మొన్న బాపు సంతకు పోయి నైలాన్ తాడు తెచ్చి కట్టిండట, బట్టలు ఎక్కువ పడితే వంగుతుందని అమ్మ తిడుతుంది.

మల్టీమీటర్ నా దగ్గరనే ఉంది. ఆదివారం పొద్దున రూంలోనే ఉంటా, మీ బోర్డు పట్టుకొని రండి, విప్పి చూద్దాం, రెండు నిమిషాల పని. పోయిన ఆదివారం ఐదు బోర్డులు వచ్చినయి, మూడింట్లో ఆకుపచ్చ వైరు లేదు. వచ్చేటప్పుడు చార్జర్లు పీకి తెండి, ఒకాయనది ఇంకా నా మంచం కిందనే ఉంది.